రోజుకు మూడు వరుసలు రాసిన ఇంజను మామ

ఇంజను మామ పోయాడని నాకు చెప్పినవాడు బస్సు కండక్టరు. పులివెందులలో నేను పనిచేసే శనక్కాయల మిల్లు ముందర బస్సు నిలిపించి, మెట్టు దిగకుండానే అడిగాడు.

"ప్రొద్దుటూరు పత్తిమిల్లులో ఇంజను నడిపే ఆయన నీకేమైతాడప్పా? జమ్మలమడుగులో పోయినాడు. నిన్న మట్టి చేసినారు. నీకు చెప్పమని వాళ్ల ఇంటామె చెప్పింది."

ఏమవుతాడని చెప్పాలి? చుట్టం కాడు. మా కులం కాదు, మా మతం కాదు. బస్సు వెళ్లిపోయింది. భుజం మీది మూట దించకుండా అట్లాగే నిలబడ్డాను. వెనక నుంచి గుమాస్తా, "ఏందిరా, ఆడ్నే మొలకెత్తినావా?" అన్నాడు. ఇంకో రోజైతే వాడి అంగీ పట్టుకునేవాణ్ని. ఆ రోజు మూట దించి, ముద్దనూరు మీదుగా పోయే బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేశాను.

మామ గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన పత్తిమిల్లులో ఇంజను నడిపాడు, ముసలివాడయ్యాడు, పోయాడు. ఆయన పేరు ఏ వీధికీ పెట్టరు. అయితే నేను ఇవాళ జైల్లో లేకుండా, చేతిలో కాగితం పెట్టుకొని మీకు ఈ నాలుగు మాటలు చెప్పగలుగుతున్నానంటే దానికి కారణం ఆయనే. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ప్రొద్దుటూరు మిల్లులో చేరాను. జిన్నుల దగ్గరికి పత్తి మూటలు మోసే పని. జిన్ను అంటే పత్తి నుంచి గింజను విడదీసే యంత్రం. వరసగా ఇరవై జిన్నులు, వాటి ముందర కూర్చొని పత్తి అందించే ఆడవాళ్లు. అన్నిటినీ తిప్పేది వెనక గదిలో ఉన్న ఒక్క ఇంజను. ఆ గది మామది. మోత వల్ల ఆయనకు చెవులు సగం పోయాయి. మాట్లాడేవాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. ఆయన తండ్రి విల్లుతో దూది ఏకేవాడట. "మా నాయన నారితో ఏకినాడు, నేను ఇంజనుతో ఏకుతాండా. మా నాయన దానికే సద్దు తక్కువ" అని నవ్వేవాడు.

నాకు బడి లేదు. పత్తి బేళ్ల మీద కొట్టిన గుర్తులు చూసి, సినిమా గోడకాగితాలు చూసి, అక్షరాలు నేనే పోగేసుకున్నాను. నాకు పుష్కలంగా ఉన్నది కోపం ఒక్కటే. ఒక రోజు మేస్త్రీ నా తల్లిని తిట్టాడు. ఇనుప కడ్డీ తీసుకొని బయలుదేరాను. దారిలో మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"యాడికి పోతాండావు?"

"వాని పండ్లు రాలగొట్టేదానికి."

"కొడుదువులే, వాడు యాడికీ పోడు. ముందర ఈడ కూసో. ఏమైందో నాకు చెప్పొద్దు, నాకెట్లా వినపడదు. దీంట్లో రాయి."

"నాకు రాసేది సరిగ్గా రాదు మామా."

"తిట్టేది సరిగ్గా వస్తాది గదా. అదే రాయి."

కొత్త పుస్తకం ఒకటి నా ఒళ్లో పడేశాడు. మేస్త్రీ పేరుతో మొదలుపెట్టి, వాడి వంశం మొత్తం రాద్దామనుకున్నాను. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, గాలిలో గీసి చూసుకొని, రాసి, కొట్టేసి, మళ్లీ రాసేసరికి చెమట పట్టింది. రెండు తిట్లు రాయడానికి కడ్డీ కిందపెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత దాన్ని మళ్లీ ఎత్తలేదు. కోపం పోయిందని కాదు. అది నా ముందర కాగితం మీద, నా చేతిరాతలో, ఇంత వికారంగా కూర్చొని ఉంటే చూడబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి రోజూ రాశాను. ఆయన రాసేవాడు కాబట్టి రాశాను. ఇంజను నడిపేవాళ్లు రెండు గంటలకొకసారి పుస్తకంలో రాయాలి. నూనె ఎంత పోశారు, ఎంత వేడెక్కింది, ఏ శబ్దం మారింది, అన్నీ. మామ అది రాస్తూనే తన పుస్తకం ఇంకొకటి పెట్టుకున్నాడు. "ఇంజనుకు జబ్బు చేసే ముందర వారం దినాల నుంచే రాతలో తెలుస్తాది. మనిషికీ అంతే. ఎవురూ రాసుకోరు గాబట్టి ఎవురికీ తెలీదు" అనేవాడు.

ఆయన రాసే వేళ ఒకటుంది. సాయంత్రం ఇంజను ఆపేశాక పెద్ద చక్రం ఒక్కసారిగా నిలబడదు. ఊపు తగ్గుతూ, తగ్గుతూ, కొంతసేపు తిరుగుతుంది. ఆ సేపట్లోనే ఆయన రాత. చక్రం నిలబడితే పుస్తకం మూసేవాడు. రోజుకు మూడు వరుసలు. నాకు ఊపు వచ్చి ఒక రోజు నాలుగు పేజీలు నింపి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "ఈ పొద్దు కడుపు పగలా తింటే రేపు తినబుద్ధి కాదు. మూడు చాలు. రేపు గూడా దినమే."

నాకు ఒరిగిన మేలు చెబుతాను, నవ్వకండి. ఒక నెల పుస్తకం తిరగేస్తే ఒక సంగతి కనిపించింది. నేను కొట్లాడిన రోజులన్నీ పొద్దున సద్ది తినకుండా వచ్చిన రోజులే. లోకమంతా నా మీద పగబట్టిందనుకున్నాను. అందులో సగం ఆకలి. మిగిలిన సగం అన్యాయమే, అది నిజం, కాని ఏది ఏదో విడదీసి చూడటం అప్పుడు వచ్చింది. మామకు చెబితే ముఖం తిప్పి నవ్వాడు. మరుసటి రోజు నుంచి తన రొట్టెలో సగం నా కోసం ఇంజను పక్కన వెచ్చగా పెట్టేవాడు. మా అమ్మ చనిపోయిన ఏడాది నేను ఏ రోజు ఏం రాశానో అవే నాకు మిగిలిన ఆమె మాటలు. రాయని రోజుల మాటలు ఒక్కటీ లేవు. ఎంత తవ్వినా రావు.

మామ తన పుస్తకం మాత్రం ఎవరికీ చూపించలేదు. "ఒక్కసారి ఇయ్యి మామా" అని అడిగితే, "నా గోచీ గూడా విప్పి చూపియ్యల్నా?" అనేవాడు.

ఇక నేను చెప్పుకోలేని రోజు గురించి చెప్పాలి.

పోయిన ఏడు పత్తి బాగా వస్తున్న రోజుల్లో ఒక ఆడమనిషి చేయి జిన్నులో పడింది. ఆమె అరిచింది. అందరం అరిచాము. మామకు వినపడలేదు. నేను వెనక గదికి పరుగెత్తి ఆయన భుజం మీద కొట్టేదాకా ఇంజను తిరుగుతూనే ఉంది. నాలుగు వేళ్లు పోయాయి.

మరుసటి రోజు పొద్దున, ఆమెకు పరిహారం సంగతి తేల్చేదాకా ఎవరూ లోపలికి పోకూడదని నేను గేటు దగ్గర నిలబడ్డాను. జనం అటూ ఇటూ ఊగుతున్నారు. అందరికీ భయం. అందరూ ధైర్యవంతులు కానక్కర లేదు. ఇంజను ఒక్కటి నడవకపోతే చాలు. మామ ఒక్కడు చేయి కదపకుండా ఉంటే చాలు. మేనేజరు వచ్చి ఆయన చెవి దగ్గర ఏదో అరిచాడు. మామ లోపలికి పోయాడు. కాసేపటికి ఇంజను మోగింది. జనం తల దించుకొని ఒక్కొక్కరే లోపలికి నడిచారు.

నేను ఆయన గదిలోకి పోయాను. నా వెనక పది మంది ఉన్నారు. ఆయన నా పెదాలు చూసేటట్టు ఎదురుగా నిలబడి, నిదానంగా అన్నాను.

"నీ పుస్తకంలో ఇది గూడా రాసుకో మామా. నిన్న ఒకామె చేయి తెగింది, ఈ పొద్దు ఇంజను బాగా నడిచింది అని."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"రాస్తాలేప్పా" అన్నాడు.

అదే మా చివరి మాట. ఆ వారమే పులివెందులకు వచ్చేశాను. రాయడం మానేశాను. ఆయన నేర్పిన పని చేయడం కూడా ఆయనకు లొంగినట్టే అనిపించింది. ఈ ఆరు నెలల్లో నేను రాసిన వరుస ఒక్కటీ లేదు. నేను ఏ రోజు తిన్నానో, ఏ రోజు తినలేదో, ఎవణ్ని ఎందుకు కొట్టానో తెలియదు. మధ్యలో మామకు ఒక పక్క చేయీ కాలూ పడిపోయాయని, జమ్మలమడుగులో ఆయన అత్తగారింటికి చేర్చారని విన్నాను. వెళ్లలేదు. అప్పటికి కోపం లేదు, సిగ్గు ఉంది. వచ్చే నెల, వచ్చే నెల అనుకున్నాను.

బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఒక్కటే ప్రశ్న. ఆ రోజు ఆయన ఏం రాశాడు? నన్ను తిట్టి ఉంటే మంచిది. తిట్టకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఏదైనా సరే, ఆ మూడు వరుసలు చూడాలి.

అత్త, అంటే మామ భార్య, గడపలో కూర్చొని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"వస్తావని తెలుసప్పా. నువ్వు వచ్చేదాకా ఆపినా."

"ఏంది ఆపినావత్తా?"

మంచం కింద నుంచి పెద్ద గోనెసంచి లాగింది. నిండా పుస్తకాలు. "ఇవి నీళ్లల్లో కలపమని చెప్పినాడు. ‘అంగడికి వేస్తే నా ఏడుపు కాగితాల్లో బెల్లం పొట్లం కట్టి ఇస్తారే’ అనేవాడు. కాల్చేదానికి లేదు, అచ్చరం కాల్చగూడదు. బాయిలో ఏస్తే తాగేవాళ్లు తిడతారు. ఏటికి తీసకపోవల్ల. నేను మోయలేను. అందుకే నీకు చెప్పంపినా."

మోయడానికి నన్ను పిలిపించింది.

"అత్తా, ఇవి నాకియ్యి. భద్రంగా పెట్టుకుంటా."

"నీకిస్తే చదువుతావు."

"ఒక్క దినంది చాలు. ఒక్క పేజీ."

ఏ దినమో చెప్పాను. ఆమెకు గుర్తుంది. "ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎప్పుడూ మిల్లులోనే రాసేటోడు, ఆ పొద్దు పుస్తకం ఇంటికి తెచ్చి ముందర పెట్టుకోని శానాసేపు కూసున్నాడు. రాసినాడో లేదో నాకు తెలీదప్పా. నాకు చదువు యాడిది?"

"అందుకే గదా అడుగుతాండా. ఇద్దరం తెలుసుకుందాం."

"నలభై ఏండ్లు పక్కన పండుకున్నా. నాకే ఒక్క వరస చదివి వినిపియ్యలేదు. నీకెట్ల ఇస్తా?"

ఈ మాటకు జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

సంచి భుజానికెత్తుకున్నాను. ఆమె ముందర నడిచింది. ఇంటి నుంచి పెన్న దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. అనుమానించి ఉంటే ఆ కోపంతోనైనా సంచిలో చేయి పెట్టేవాణ్ని.

ఎండాకాలం. పెన్నలో నీళ్లు లేవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుక. మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు.

"నీళ్లు లేవేమప్పా" అంది చిన్నపిల్ల మాదిరి.

"అడుగున ఉంటాయత్తా."

"అయితే తవ్వు."

నేనే చెలమ తవ్వాను. చేతులతో ఇసుక తీస్తుంటే మోచేతి లోతులో చెమ్మ తగిలింది, ఇంకొంచెం పోతే నీళ్లు ఊరాయి, సంచెడు పుస్తకాలు పట్టేదాకా గుంత పెద్దది చేశాను. మురికి నీళ్లు రెండు మూడు సార్లు తోడిపోశాను. ఆమె ఒక్కొక్క పుస్తకం అందించింది. అవి మునగలేదు, తేలాయి. నేను రెండు చేతులతో అదిమిపట్టాను. చేతుల కింద బుడగలు వచ్చాయి, ఆగిపోయాయి. సంచి ఖాళీ అయ్యేసరికి నీళ్లు తేటబడ్డాయి. అన్నిటికంటే పైనున్న పుస్తకం తనంతట తానే తెరుచుకుంది.

"అచ్చరాలు కరిగిపోయినాయా అప్పా?" అని అడిగింది అత్త. ఆమె నీళ్ల వైపు చూడటం లేదు.

మామ పెన్సిలుతో రాసేవాడు. నూనె చేతులకు సిరా నిలవదు. పెన్సిలు రాత నీళ్లకు కరగదు. ఇన్నేళ్లు రాసిన మనిషికి ఆ సంగతి తట్టనే లేదు. బెత్తెడు నీళ్ల కింద మూడేసి వరుసలు, మధ్యలో ఖాళీ, మళ్లీ మూడు వరుసలు, ఎండ పడి మెరుస్తున్నాయి. ఆ దినం ఉన్న చివరి పుస్తకం అదే అయి ఉండాలి. నేనున్న వైపు నుంచి తలకిందులుగా కనిపిస్తున్నాయి. గుంతకు అవతలి పక్కకు పోతే చాలు. మోకాళ్ల మీద నాలుగు అడుగులు.

"కరిగిపోయినాయత్తా" అన్నాను.

గుంత అంచున చేతులు పెట్టి ఇసుక లోపలికి తోశాను. అది పేజీ మీదికి నిదానంగా దిగింది. అడుగు నుంచి నీళ్లు ఊరి ఆ ఇసుకను పక్కకు నెట్టాయి. వరుసలు మళ్లీ బయటపడ్డాయి. నేను మళ్లీ తోశాను.