నేనుండగా ఆగని మిషను

చెడిపోయిన మిషను చెడిపోయినట్టే ఉంటే నాకు దానితో పేచీ లేదు. నేను వెళ్ళగానే బుద్ధిగా నడిచి, నా స్కూటీ గేటు దాటగానే మొరాయించేదంటేనే ఒళ్ళు మంట. గుండుగొలను దగ్గర చేపల మేత తయారుచేసే మిల్లులో ఆ వేసవిలో నాకు తగులుకున్నది సరిగ్గా అలాంటిదే.

ఏలూరు నుంచి అక్కడికి వెళ్ళడం అది మూడోసారి. మోటార్లను నడిపించే కంట్రోలర్లు, డ్రైవులు బాగుచేయడం నా ఉద్యోగం. ఎంత వేగంతో తిరగాలో కంట్రోలర్ చెబుతుంది, డ్రైవు విని మోటారును తిప్పుతుంది. ఆ మాటలన్నీ ఒక సన్నటి కేబుల్ మీదే నడుస్తాయి. మాట తెగితే డ్రైవు మోటారును ఆపేస్తుంది. ఇక్కడ ఆగుతున్నది మేత పిండిని లోపలికి తోసే స్క్రూ మోటారు. అది కాసేపు ఆగిందంటే ఉడుకుతున్న పిండి లోపలే గట్టిపడిపోతుంది. ఇక మిషను విప్పి, కూలీలు ఇనుప కడ్డీలతో పొడిచి తీయాలి. ఆ పూటంతా గోవిందా.

మిల్లు యజమాని కుర్రవాడే. ఆ ఉదయం నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమీ అనుకోకండి మేడం. మీరుంటే ఆగదు, మీరెళ్తే ఆగుద్ది. ఆపరేటరు బాబాయే ఏదో చేస్తున్నాడని నా అనుమానమండీ. మిషను ఆగితే ఆయనకి ఆ పూట సెలవే కదండీ."

"డ్రైవు మీద కమ్యూనికేషన్ పోయిందనే వస్తోందండీ. బటన్ నొక్కితే అలా రాదు" అన్నాను.

"అయితే ఆ కేబులే కదుపుతున్నాడేమోనండీ. ఈవేళ కూడా మీ ఎదురుగా ఆగకపోతే, బాబాయిని రేపట్నించి రావద్దని చెప్పేస్తానండీ."

మా వైపు ఒకరి పొట్ట కొట్టేటప్పుడు కూడా చివర ఒక 'అండీ' తగిలిస్తాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆపరేటరు యాభై దాటిన మనిషి. నాలుగడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీని తువ్వాలుతో తుడుస్తున్నాడు. వినే ఉంటాడు. విననట్టే "కూర్చోండి మేడం" అని, వెళ్ళి మిషను పక్కన నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. తను దేన్నీ ముట్టుకోలేదని అందరికీ కనబడాలి కదా.

చేయాల్సినవన్నీ అప్పటికే చేశాను. కేబుల్ మార్చాను, స్క్రూలు బిగించాను, రెండు చివర్లా కనెక్షన్లు మళ్ళీ మళ్ళీ చూశాను. ఇక మిగిలింది కాపలా కాయడమే. డ్రైవు ఉన్న ప్యానెల్ పెట్టె తలుపు తెరుచుకుని పచ్చ లైటు వంక చూస్తూ కూర్చున్నాను. మిషన్లు ఆగకూడదని జీతం తీసుకునేదాన్ని, ఆరోజు మాత్రం ఆగు తల్లీ, ఒక్కసారి ఆగు అని మొక్కుకున్నాను. అది నా మొహం చూసి మరీ నడిచింది. చేపపొడి వాసనకీ, ఉక్కకీ తల తిరిగింది. మధ్యాహ్నం యజమాని ఇంటి నుంచి కేరియర్ వచ్చింది. చేపల పులుసు ఎంతో కమ్మగా ఉందని తెలుస్తోంది, ముద్ద మాత్రం దిగలేదు. ఆపరేటరు చేతులు వెనకనుంచి ముందుకు రాలేదు.

పొద్దు వాలుతుంటే యజమాని వచ్చాడు. "ఇక బయల్దేరండి మేడం. మీరు మాత్రం ఏం చేస్తారండీ" అన్నాడు. ఆపరేటరు నా వంక చూడలేదు. నేనూ ఆయన వంక చూడలేకపోయాను.

నా స్కూటీ మిల్లు వెనక గుమ్మం దగ్గర ఉంది. అక్కడే కొత్త షెడ్డు కడుతున్నారు. వెల్డింగు వాళ్ళు నీడలో చతికిలబడి ఉన్నారు. నేను తాళం పెట్టగానే ఒకాయన లేచి "వెళ్తున్నారాండీ?" అని నవ్వి, మెషిన్ ఆన్ చేసి, కరెంటు తిరిగొచ్చే వైరు క్లాంపును పక్కనున్న మిల్లు ఇనుప స్తంభానికి తగిలించాడు. నిప్పురవ్వలు లేచాయి.

తాళం వదిలేసి స్తంభం వంక చూశాను. ఆ స్తంభం వెంటే నా కేబుల్ లోపలికి వెళుతుంది.

"ఇంతసేపూ ఎందుకు ఆపారండీ?"

"మీరొచ్చినప్పుడల్లా ఆపేస్తామండీ. మేడం గారికి ఇబ్బందని చెప్పారండీ."

"కొట్టండి. నేను చెప్పేదాకా ఆపకండి" అని లోపలికి పరుగెత్తాను.

గుమ్మం దాటానో లేదో ఎర్ర లైటు వెలిగింది. స్క్రూ ఆగిపోయింది. యజమాని అక్కడే ఉన్నాడు. ఆపరేటరు చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. "చూశారా! చూశారా!" అని నేను చిన్నపిల్లలా అరిచాను.

పిండి గట్టిపడకముందే మళ్ళీ నడిపించాం. క్లాంపును స్తంభం నుంచి తీయించి, వెల్డింగు చేస్తున్న ఇనుముకే పెట్టించాను. ఎంతసేపు వెల్డింగు కొట్టినా మిషను ఆగలేదు. తిరిగి స్తంభానికి పెట్టిస్తే వెంటనే ఆగింది. వెల్డింగు కరెంటు తిరిగి వచ్చే దారిలో నా కేబుల్ పడి, డ్రైవుకు మాట వినబడకుండా చేస్తోంది.

నేనొచ్చినప్పుడల్లా వెల్డింగు ఆపేస్తున్నారని చెబితే యజమాని మొహం ఎర్రబడింది. "అసలు వెల్డింగు ఆపమన్నదెవరు?" అని గట్టిగా అడిగాడు.

ఆపరేటరు చేతులు మెల్లగా ముందుకు తెచ్చుకున్నాడు.

"నేనేనండీ. మేడం గారు ఆ పెట్టెలో సన్నటి అక్షరాలు చూసుకుంటారు కదండీ. ఆ మెరుపులు కళ్ళల్లో పడితే కష్టమని, వచ్చినప్పుడల్లా నేనే ఆపమన్నానండీ."

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు పిచ్చి కోపమూ వచ్చింది. "ముందు మీరు కూర్చోండి బాబాయ్ గారూ" అని కసిరాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, కుర్చీ శుభ్రంగా తుడిచి, నా వైపు జరిపాడు.