నడిమి అర్రకు లారీ రంగులు

మా వదినె పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను కొత్తకోటలో ఒక లారీ వెనుక పలకకు పచ్చరంగు కొడుతున్నాను. ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో సెల్లు. "తమ్మీ, మీ వదినె ఇగ లేదురా. అన్నం తిని నడిమి అర్రల ఒరిగింది, మల్ల లేవలే" అన్నాడు అన్న. నేను ఏడవలేదు. "అన్నా, ఫోను వదినెకియ్యి" అన్నాను. అన్న మళ్ళీ అదే చెప్పాడు. నేనూ మళ్ళీ అదే అన్నాను. ఆ తర్వాత అవతల నుంచి ఏడుపు వచ్చింది. కుంచె నేల మీద పెట్టేశాను.

నమ్మకపోవడానికి నాకు కారణముంది. మొన్న ఉగాదికి ఆమె ఆటో డ్రైవర్‌తో కబురు పంపింది, మా ఇంటి వెనుక గోడ కూలిందని. పని ఉంటే పండుగకు కూడా ఇంటికి పోకుండా కొత్తకోటలో నా రంగుల కొట్టులోనే పడి ఉండేవాణ్ణి. ఆ కొట్టు మూసి, చేతుల రంగు కూడా కడుక్కోకుండా ఊరికి ఉరికాను. గోడ నిక్షేపంగా ఉంది. దాని ముందు వదినె పోలెల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. "పండుగకు రమ్మని పిలిస్తే వస్తవా నువ్వు? గోడ కూలిందంటెనే వస్తవు. తిను, నెయ్యి పేరుకుంటది" అంది. ఊళ్ళో అందరినీ ఆటపట్టిస్తాడని నాకు పేరు. నన్ను ఆటపట్టించిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆటోలో పోతున్నంతసేపూ, ఈసారి కూడా పళ్ళెంతో నిలబడి ఉంటుందనే అనుకున్నాను. వాకిట్లో చెప్పులు కనిపించాయి. చాలా జతలు.

మా ఇంటి సంగతి చెప్పకపోతే మీకు ఆమె సంగతి అర్థం కాదు. ఒకటే ఇల్లు, రెండు పొయ్యిలు. ఈ పక్క నేను, ఆ పక్క అన్న, మధ్యలో నడిమి అర్ర. ఆ అర్రకు రెండు తలుపులు, నా వైపు ఒకటి, అన్న వైపు ఒకటి. ఎనిమిదేండ్ల కింద మా అమ్మ ఆ అర్రలోనే కన్నుమూసింది. అయ్యగారు పంచాంగం తిప్పి, నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు అర్ర మూసెయ్యండి అన్నాడు. గడపకు తుమ్మకంప అడ్డం పెట్టి మూసేశాం. ఆరు నెలలు అయిపోయాయి. ఎవరూ తెరవలేదు. నేను తెరిస్తే దోషం నాకు తగులుతుందని నా భయం. అన్న తెరిస్తే అర్ర అన్నదైపోతుందని నా అనుమానం. అన్న లెక్క కూడా ఇదేనని తర్వాత తెలిసింది. ఇద్దరం తెలివైనవాళ్ళమే కాబట్టి అర్ర నాలుగేండ్లు చెదలకు పోయింది.

వదినె పుట్టిల్లు గద్వాల అవతల, కన్నడం కలిసే వైపు. చాలు అనాల్సిన చోట ఆ వైపు వాళ్ళలాగా "సాకు, సాకు" అనేది. ఒక ఎండాకాలం పుట్టింటి నుంచి వచ్చి, సంచి దింపకుండానే కొడవలితో కంప లాగి వాకిట్లో పారేసింది.

"ఏంది వదినే, ఎవల్నడిగి తెరిచినవ్?" అన్నాను.

"అర్రనడిగిన. తెరువుమంది."

"దోషం గిట్ల తగిలితే?"

"తగిలితే నాకు తగుల్తది గద, నీకేం పరేషాన్? సాకు మరిదీ, నాలుగేండ్ల సంది మీ అమ్మను జైల్ల పెట్టిన్రు. జర తప్పుకో, దుమ్ము పడ్తది."

మాట బాగానే ఉంది. కానీ బాగున్న మాటను నేనెప్పుడూ నమ్మను. అన్న చేతకానివాడు, అందుకని పెళ్ళాన్ని ముందుకు తోశాడు అనుకున్నాను. నా వైపు తలుపుకు లోపల్నుంచి ఒక ఇనుప గడియ ఉంది. అది వేసుకుంటే అర్ర వాళ్ళ వశమైనట్టే. నేనేం తక్కువా? ఆ పొద్దే నా వైపు గొళ్ళేనికి అరచేయంత తాళం వేశాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అర్రలో అమ్మ సందుగ ఉంది, పాత టేకు పెట్టె, పెద్దది. ఒక మధ్యాహ్నం వదినె నీళ్ళకు పోయినప్పుడు అన్న వైపు నుంచి దూరి, ఆ సందుగలో ఒక కోడిని పెట్టి మూత వేసి వచ్చాను. ఆమె ఊడుస్తుంటే లోపల టకటకమంటుంది, అత్త దయ్యమైందని పారిపోతుంది, ఇగ అర్ర జోలికి రాదు. ఇదీ నా ఉపాయం. కిటికీ కింద నక్కి కూర్చున్నాను. చీపురు చప్పుడు ఆగింది. మూత లేచిన చప్పుడు. కోడి ఒక్క అరుపు అరిచింది. ఆ తర్వాత ఏమీ లేదు. సాయంత్రం నా ముందుకు కూర గిన్నె వచ్చింది.

"మీ అమ్మ పంపింది, తిను" అంది వదినె.

తిన్నాక చెప్పింది, అది నా పెళ్ళాం గుడ్లకని పెంచుకునే పెట్ట అని. తొందరలో నేను చూసుకోలేదు. ఆ తర్వాత వారం రోజులు నా ఇంట్లో నాకు అన్నం దొరకలేదు. వదినె దగ్గరే తిన్నాను.

అర్ర బాగుచేసిన తీరు మాత్రం చెప్పి తీరాలి. ఒక్క పుల్ల పారేయలేదు. ఏ సామానైనా ముందు వాకిట్లో ఎండకు పెట్టేది. "మూడెండలు తగలనీ, మల్ల మాట్లాడుదాం" అనేది. నేను కోపంతో ఎగిరినా అదే మాట. విరిగిన నులకమంచం కోళ్ళు కోసి బల్ల చేయించింది. కరువులో అన్న ఎద్దులు అమ్మేశాక మూలకు పడిన కాడికి మేకులు కొట్టించి, సంచులు తగిలించుకోవడానికి గోడకు ఎక్కించింది. అన్న దాన్ని చేత్తో నిమిరి పోయాడు. సందుగకు వేపనూనె రాసి, గోడవారన వేసి, కూర్చునే అరుగు చేసింది. మేకుల బొక్కలన్నీ కట్టెపొట్టు, తుమ్మబంక కలిపి పూడ్చి, గరుకు కాగితంతో రుద్దేది. చెయ్యి పెట్టి చూస్తే బొక్క ఎక్కడుండేదో దొరికేది కాదు.

ఇంతలో ఇంటి వెనుక దాచుకున్న నా రంగు డబ్బాలు మాయమయ్యాయి. అన్న వైపు గడప దగ్గర నిలబడి తొంగిచూస్తే, మా అమ్మ చచ్చిపోయిన అర్ర లారీలాగా మెరుస్తోంది! బల్ల ఎర్రగా, కాడి పచ్చగా, కిటికీ పసుపుగా.

"దొంగతనం చేసినవా వదినే?"

"ఎండిపోతుంటే తెచ్చిన. నువ్వు రాసే అక్షరాలకన్న గిది నయం" అంది.

ఆ దెబ్బ తగిలింది. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. నేను లారీల మీద రాసిన తప్పులు ఇప్పటికీ బెంగళూరు రోడ్డు మీద తిరుగుతున్నాయి.

అప్పటి నుంచి వాటా తేలేదాకా అర్రలో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. మధ్యాహ్నాలు వాడకట్టు ఆడవాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళు. నా పెళ్ళాం, నా బిడ్డ కూడా పోయేవాళ్ళు, కానీ వీధిలోకి దిగి, ఇల్లు చుట్టి, అన్న వాకిలి నుంచి. "ఆ తాళం తీస్తే నీ కిరీటం పడిపోతదా?" అని నా పెళ్ళాం ఎన్నిసార్లు అడిగిందో. నేను తీయలేదు. నా తలుపు మీద వదినె లోపలి వైపు పాత గద్వాల చీర పరదాగా వేలాడదీసింది. పరదా ఎందుకు? వెనుక గడియ బిగించి ఉంటుంది, అది నాకు కనబడకుండా. తాళం గురించి ఆమె నన్ను నాలుగేండ్లలో ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడం మీద కూడా నాకు అనుమానమే.

ఆ అర్రలోనే, ఆ ఎర్ర బల్ల మీదే, ఆమె ఒరిగిపోయింది.

మూడో రోజు అయ్యగారు వచ్చి మళ్ళీ పంచాంగం తిప్పాడు. ఈసారీ నక్షత్రం బాగలేదు. ఆరు నెలలు మూయాలి. ఎవరో అప్పటికే తుమ్మకంప నరికి తెచ్చి వాకిట్లో వేశారు. అన్న కంప వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నాకు తెల్వదు తమ్మీ. నా కాళ్ళు లోపటికి పోతలేవు. నువ్వే పోయి మూసి రా" అన్నాడు.

ఒట్టు పక్కన పెట్టి లోపలికి పోయాను. కిటికీ మూశాను. ఇక నా వైపు తలుపుకు గడియ ఉందో లేదో చూడాలి. ఆ దుఃఖంలో కూడా నా బుద్ధి అది! పరదా పక్కకు లాగాను.

గడియ లేదు.

గడియ ఉన్న చోట తడిమాను. నున్నగా ఉంది. నాలుగు మేకుల బొక్కలు కట్టెపొట్టుతో పూడ్చి, రుద్ది, పైన పసుపు రంగు వేసి ఉంది. ఆ పసుపు నాకు తెలుసు. నాలుగేండ్ల కింద ఒకే ఒక్క లారీకి నేను కలిపిన పసుపు, మళ్ళీ కలపలేదు. అంటే అర్ర తెరిచిన కొత్తలోనే గడియ పీకేసింది. నాలుగేండ్లుగా ఆ తలుపు నా కోసం తెరిచే ఉంది. మూసింది నా తాళం ఒక్కటే. నా బిడ్డ నాలుగేండ్లు ఎండలో ఇల్లు చుట్టింది నా వల్లనే.

బయటికొచ్చి, ఇల్లు చుట్టి నా వైపుకు పోయాను. తాళంచెవి దొరకలేదు. దొరికినా ఆ తుప్పుకు తిరిగేది కాదు. సుత్తి తీసుకుని కొడుతుంటే నా పెళ్ళాం చెయ్యి పట్టుకుంది. "అయ్యగారు మూయమన్నడు గద. దోషం తగుల్తది."

"నాకు తగలనీ" అని ఇంకో దెబ్బ వేశాను, తాళం ఊడి పడింది. ఆ మాట నాది కాదు, ఎవరిదో మీకు తెలుసు.

అయ్యగారు తన మాట తాను చెప్పానని లేచి వెళ్ళిపోయాడు. అన్న వద్దనలేదు. వాడకట్టు మాత్రం ఊరుకుంటుందా? "వదినె చచ్చి మూడొద్దులు కాలే, మరిది అర్ర మీద పడ్డడు" అని బావి దగ్గర చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. వాళ్ళ స్థానంలో ఉంటే నేను ఇంకా రెండు కలిపి చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నా వంటింట్లో కూర్చుంటే, అర్రలోంచి, రెండు తలుపుల్లోంచి, ఆ చివర అన్న కనబడుతున్నాడు, ఒక్కడే, చాయ్ గ్లాసు పట్టుకుని. ఎనిమిదేండ్ల తర్వాత ఇక్కడి నుంచి అన్నను చూడడం ఇదే మొదలు. మొన్న మా కోడిపెట్ట ఒకటి నా గడప దాటి అర్రలోకి పోయింది. ఎర్ర బల్ల కింద కాసేపు గీకి, సందుగ ఎక్కి, మూత మీద సర్దుకుని కూర్చుంది. ఈ చివర నేను, ఆ చివర అన్న. ఇద్దరిలో ఎవరమూ దాన్ని అదిలించలేదు.