ప్రార్థన కాకముందే బిగించిన సైకిలు

తాడేపల్లిగూడెంలో పిల్లల బొమ్మలూ సైకిళ్లూ అమ్మే కొట్టాయన మామూలుగానే అడిగాడు.

"బిగించి ఇమ్మంటారా అండీ, పెట్టెతో పట్టుకెళ్తారా?"

బిగించమని చెబుదామని నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ "పెట్టెతోనే ఇవ్వండి" అనేసింది. బయటికి వచ్చాక కారణం చెప్పింది. "నాన్నగారు ఊరుకోరండీ."

నాన్నగారంటే మా మావగారు. కొల్లేరు అంచున ఉన్న వాళ్ల ఊరి చర్చిలో సంఘపెద్ద. మేం ఏలూరులో ఉంటాం, క్రిస్మస్‌కు మాత్రం ఏటా అక్కడికే వెళ్తాం. ఆయన ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త వస్తువు ఏది వచ్చినా, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేదాకా సీలు తీయకూడదు. మిక్సీ అయినా అంతే, బొమ్మ అయినా అంతే. ఇది ఏ లేఖనంలో ఉందో నేనెప్పుడూ అడగలేదు. నాకు అర్థమైనంతలో దీనికి మూలం పెట్టె. పెట్టె మీద కంపెనీ పేరు ఉంటుంది, రంగుల బొమ్మ ఉంటుంది. ప్రార్థనకు వచ్చిన నలుగురూ కళ్లు మూసుకునే ముందు వాటిని ఒకసారి చూడాలి. ఫ్రిజ్ కొన్నప్పుడు జరిగిన ప్రార్థనలో అది ఎన్ని లీటర్లదో కూడా దేవుడికి విన్నవించారు. పాస్టరుగారు తడుముకుంటే మావగారే పక్కనుంచి అందించారు.

ఫ్రిజ్‌కు తొందరేమీ ఉండదు. మా ఆరేళ్ల అమ్మాయికి ఉంది. క్రిస్మస్ ఉదయం ఆరాధన ముగిశాక, ప్రేమవిందుకు బల్లలు వేసేలోపు, చర్చి ఆవరణ పిల్లలది. కొత్త బండ్లన్నీ అక్కడ తిరుగుతాయి. బల్లలు వేశారంటే ఇక తిరగడానికి చోటుండదు, పండగైపోయినట్టే. పోయిన క్రిస్మస్‌కు మా బావమరిది కొడుకు కొత్త సైకిలు మీద ఆ ఆవరణంతా తిరిగాడు. అందరినీ ఒక్కో చుట్టు ఎక్కించుకుని, మా పిల్ల దగ్గరికి వచ్చేసరికి "నువ్వు బరువు" అన్నాడు. ఏడాదంతా ఆ మాట మోసింది పిల్ల. దానికి కావలసింది సైకిలు కాదు, ఆ ఉదయం ఆ ఆవరణలో ఒక్క చుట్టు.

చేపల చెరువులకు మేత లెక్క కట్టడం నా పని. బళ్లో నేర్చిన విద్య కాదు, గట్టు మీద నిలబడి పట్టుకున్నది. వల విసిరి, పడిన చేపల్ని తూచి, నీళ్ల కింద మొత్తం ఎంత బరువు తిరుగుతోందో అంచనా కట్టాలి. ఈ పని చేసేవాడికి మూసిన పెట్టె అంటే నమ్మకం ఉండదు. లోపల ఏమున్నాయో, ఏం తక్కువయ్యాయో చూడకుండా పండగ పొద్దున్న పెట్టె విప్పడం, వల వేయకుండానే మేత చల్లడం లాంటిది. ఊరు చేరగానే మావగారికి ఇదే మర్యాదగా చెప్పి చూశాను.

"ముందే బిగించి దుప్పటి కప్పి ఉంచుదామండీ, మావయ్యగారూ. ప్రార్థన దుప్పటి మీద చేయిస్తే సరిపోతుంది కదండీ."

"దుప్పటి కింద ఏముందో ఎలా తెలుస్తుందండీ అల్లుడుగారూ?"

"దేవుడికి తెలుస్తుంది కదండీ."

"దేవుడికి తెలుసండీ. వచ్చినవాళ్లకి తెలియొద్దూ?"

మా బావమరిది అక్కడే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఏలూరు చుట్టుపక్కల ఇళ్లస్థలాలు అమ్ముతాడు. "పెట్టె విప్పడంలోనే ఉందండీ బావగారూ పిల్లల ఆనందం. ఫారిన్‌లో అంతేనంట. పండగ పొద్దున్న నేనుంటాను కదా, అయిదు నిమిషాల్లో బిగించేస్తాను" అన్నాడు.

అతని అయిదు నిమిషాలు నాకు తెలుసు. అతను అమ్మే స్థలాల నుంచి ఏలూరు బస్టాండుకు కూడా అయిదు నిమిషాలే.

మర్నాడు మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ చర్చికి తోరణాలు కట్టడానికి వెళ్లారు. నేను పెట్టెను మోటారుసైకిలు వెనక కట్టుకుని, నేను లెక్క చూసే చెరువు దగ్గరున్న మేత షెడ్డుకు వెళ్లాను. అడుగువైపు టేపు కోసి, సామానంతా ఖాళీ తవుడు గోనెల మీద పరిచాను. ఒకసారి బిగించి చూసుకుంటే పొద్దున్న తడుముకోనక్కర్లేదు, మళ్లీ విప్పి పెట్టెలో సర్దేస్తే కట్టుబాటూ చెడదు, అని నా లెక్క.

లెక్క మొదటి సగం బంగారంలా నిలబడింది. వెనక చక్రానికి ఒక నట్టు తక్కువ వచ్చింది. పండగ పూట అది ఎక్కడ దొరుకుతుంది? షెడ్డు మూల పాత ఏరేటరు, చెరువులో నీళ్లు చిలికే యంత్రం, పాడై పడి ఉంది. దాని నట్టు ఒకటి తీసి పెడితే కరెక్టుగా కూర్చుంది. కాస్త తుప్పు పట్టింది, అంతే. సైకిలు నిలబెట్టి, చక్రం తిప్పి చూసి, నన్ను నేనే మెచ్చుకుని, మళ్లీ విప్పాను.

రెండో సగం దగ్గర తెలిసింది, కంపెనీవాళ్లు పెట్టెలో పట్టించింది మనుషులు పట్టించలేరని. పక్క చక్రాలు పెడితే పెడళ్లు పట్టవు, పెడళ్లు పెడితే మూత పడదు. చివరికి మోకాలితో అదిమి, షెడ్డులో దొరికిన ఖాకీ టేపు చుట్టేసి, ఎక్కడినుంచి తెచ్చానో అక్కడే పెట్టేశాను.

పండగ పొద్దున్న ఆరాధన అయింది. పాస్టరుగారు మంచాన పడ్డవాళ్ల ఇళ్లు ముందు చూసుకుని వస్తానన్నారు. ఇంటికి వచ్చి పెట్టె చుట్టూ కూర్చున్నాం. అమ్మాయి కొత్త గౌను మడత నలగకుండా గుమ్మంలో నిలబడి, ఒకసారి పెట్టెకేసి, ఒకసారి చర్చి వీధికేసి చూస్తోంది. బల్లలు దించుతున్న చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది.

"నాన్నా, పాస్టరుగారు పొట్టి ప్రార్థన చేయరా?"

"మీ తాతయ్యగారింట్లో చేయరమ్మా" అన్నాను.

పెట్టెను గోడవారకు జరపబోయింది మా అత్తగారు. మూల నుంచి సన్నగా తవుడు కారింది. పొద్దున్నే కడిగి ముగ్గేసిన గచ్చు.

"ఇదేంటండీ, తవుడు? సైకిలు పెట్టెలో తవుడేంటి?"

ప్రార్థన కాకుండా సీలు తీయకూడదన్న ఇంట్లో, అనుమానం వచ్చాక సీలు తీయడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. బావమరిది చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాడు. ఖాకీ టేపు చూశాడు, గోరుతో గీకాడు. ఒక్కో ముక్కా తీసి వెలుగుకు పెట్టి, తుప్పు నట్టు దొరకగానే అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు.

"బావగారూ, ఏమనుకోకండి. ఇది వాడిన బండండీ. మిమ్మల్ని ఎవరో బోల్తా కొట్టించారు."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను. నిజం చెబితే ప్రార్థన కాకముందే సీలు తీసిన అల్లుణ్ణి. చెప్పకపోతే కూతురికి క్రిస్మస్‌కు పాత సైకిలు కొన్న తండ్రిని. రెండింటిలో ఏది చవకో తేల్చుకోలేకపోతున్నాను.

"పండగ కాగానే గూడెం కొట్టుకు తీసుకెళ్లి వాళ్ల మొహాన కొట్టి రండి. మళ్లీ సర్దేసి పక్కన పెట్టండి" అన్నారు మావగారు.

అప్పుడు అమ్మాయి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది.

"తాతయ్యా, ఇది పాతదేనా?"

"అవునమ్మా, మోసపోయారు మీ నాన్న."

"అయితే ప్రార్థన అక్కర్లేదు కదా. మావయ్య కారు పాతదని, దానికి ప్రార్థన అక్కర్లేదని నువ్వే అన్నావు కదా అమ్మమ్మతో."

బావమరిది ఆ కారు షోరూంలో కొన్నానని ఏలూరంతా చెప్పుకున్నాడు. పెళ్లాంతో సహా. ఆవిడ అప్పుడే వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడింది.

"పాతదా అండీ మన కారు?" అంది.

బావమరిది నట్టును మెల్లగా నా చేతిలో పెట్టేశాడు. మావగారు గొంతు సవరించుకుని, "సరే, మొదట కొన్నవాళ్లు ముందే ప్రార్థన చేయించుకునే ఉంటారు. కానివ్వండి" అన్నారు. ఆయన అంత త్వరగా దేన్నీ ఒప్పుకోవడం నేను చూడలేదు.

నేను కూర్చుని బిగించాను. ఎలా బిగించాలో రాసిన కాగితం చూడలేదు, ఒక్క ముక్కా అటూ ఇటూ పెట్టలేదు.

"మీకెలా వచ్చండీ ఇంత స్పీడుగా?" అన్నాడు బావమరిది. కారు మీద నుంచి మాట ఎటైనా మళ్లితే చాలనుకున్నాడేమో.

"అలవాటైన బండండీ, దానంతటదే కూర్చుంటుంది" అన్నాను.

మేం వెళ్లేసరికి ఆవరణలో సగానికి బల్లలు వేసేశారు. మిగిలిన సగంలో అమ్మాయి తిరిగింది. గౌను చైనులో పడకుండా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, బల్లలు మోస్తున్నవాళ్లను "తప్పుకోండి అండీ, తప్పుకోండి" అని అదిలిస్తూ తిరిగింది. బావమరిది కొడుకు వెనక పరుగెత్తాడు. "నన్నెక్కించుకోవే" అన్నాడు. "నువ్వు బరువు కాదులే, రా" అంది. వాడికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎక్కలేదు.

అంతలో పాస్టరుగారు వచ్చారు, చేతిలో బైబిలుతో, ఆలస్యమైందని చెప్పుకుంటూ. అమ్మాయి ఆయన ముందు నుంచే బెల్లు కొట్టుకుంటూ పోయింది.

"కొత్త సైకిలులా ఉందే? ప్రార్థన చేద్దామా అండీ?"

"అబ్బే, పాతదేనండీ" అన్నారు సంఘపెద్దగారు, రెప్ప వేయకుండా.

పాస్టరుగారు వంగి చూశారు. పిడుల మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా ఉంది. టైరు మీద రబ్బరు మొలకలు ఇంకా అరగలేదు. నిటారుగా లేచి, నా ముఖంలోకి కాసేపు చూశారు.

"పాతవాళ్లు బాగా మెయింటెయిన్ చేశారండీ" అన్నారు.