తేడా మొక్క

నర్సరీలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. కొమ్మలు కత్తిరించే కత్తెర చేతిలో లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. నాలుక కూడా అంతే పదును. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అందుకే మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు.

ఆమె కాపాడుతున్నది నీలిగంట పొదను. మోకాలెత్తు పెరిగే ఆ పొద వేసవి మొదట్లో గంటల్లాంటి ముదురు నీలం పూలు పూస్తుంది. లోకం మొత్తం మీద ఒక్క గుట్టపైనే ఉండేది. రాళ్ళ కోసం ఆ గుట్టను తవ్వేస్తున్నారని తెలిసి ఆమె, చెల్లెలు కలిసి పరుగెత్తారు. చెల్లెలూ అప్పట్లో ఈ నర్సరీలోనే పనిచేసేది. వెళ్ళేసరికి మిగిలినవి రెండే పొదలు. రెండింటి కొమ్మలూ తడిగుడ్డలో చుట్టి తెచ్చి కుండీల్లో నాటారు. నెల తిరిగేసరికి అక్కడ గుట్టే లేదు.

రెండేళ్ళకు పూలు వచ్చాయి. ఒక పొద కొమ్మలన్నీ ముదురు నీలం పూశాయి. రెండోదాని పూలు మాత్రం ఉతికి ఉతికి వెలిసిన చీర రంగులో ఉన్నాయి. నర్సరీలో ఒక అలవాటుంది. వరుసలో ఒకటి తేడాగా పూస్తే, జాతి చెడకూడదని దాన్ని పీకి పారేస్తారు. బంతి మడిలో చేసే పనినే కత్తెరమ్మ ఇక్కడా చేసింది.

"అది కూడా ఆ గుట్టదేగా అక్కా! దాని మానాన దాన్ని బతకనీ," అంది చెల్లెలు.

"తేడా మొక్క తేడా మొక్కే. నాకు నేర్పకు."

చెత్తకుప్పలోంచి చెల్లెలు ఒక మొక్కను ఏరి, పగిలిన బకెట్‌లో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది. తర్వాత పనీ మానేసింది. అక్కాచెల్లెళ్ళ మధ్య తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

ఈలోగా కత్తెరమ్మ కుండీలు రెండువందలయ్యాయి. ఏటా విరగబూసేవి, గింజ మాత్రం ఒక్కటీ పట్టేది కాదు. ఈ ఏడు వేరుకుళ్ళు తెగులు వచ్చి ముప్ఫై ఒక్కటి మిగిలాయి. మొక్కలకు పరీక్షలు చేసే మేడమ్ వచ్చి చూసింది.

"ఇవన్నీ ఒకే పొద కొమ్మలు కదమ్మా? అంటే ఇన్ని కుండీల్లో ఉన్నది ఒకే మొక్క. దాని పుప్పొడి దానికి పట్టదు. ఇంకో పొదది కావాలి. గింజ కట్టకపోతే ఈ జాతి ఇక ఉండదు."

కత్తెరమ్మ మట్టి కలిపే షెడ్డులోకి వెళ్ళి బోర్లించిన కుండీ మీద కూలబడింది. కంచే చేను మేసిందని తెలిశాక ఎవరిని తిట్టాలి? ఏడుపొచ్చింది, ఏడ్చింది. చూసేవాళ్ళు లేరు కాబట్టి కళ్ళు తుడుచుకోలేదు కూడా.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. చెల్లెలి వాటా బయట, మెట్ల మలుపులో, అదే పగిలిన బకెట్. వెలిసిన రంగు పూలతో నిండుగా ఉంది. తలుపు తీసిన చెల్లెలి జుట్టు సగం నెరిసింది.

"దేనికొచ్చావు?"

"పుప్పొడి కావాలి."

"బాగున్నావా అని అడుగుతావేమో అనుకున్నా."

కత్తెరమ్మ బకెట్ వైపు చూసింది.

"తీసుకో. మొక్కను మాత్రం ముట్టుకోకు, కొమ్మ కూడా ఇవ్వను," అని చెల్లెలు తలుపు వేసుకుంది.

ఆ పుప్పొడి మధ్యాహ్నం దాటితే పనికిరాదు. అందుకని కత్తెరమ్మ రోజూ మొదటి బస్సుకే వచ్చేది. మెట్ల మీద గొంతుక్కూర్చుని, రంగులేసే సన్న కుంచెతో పుప్పొడి దులిపి, ఖాళీ మందుసీసాలో పట్టుకుపోయి నీలం పూలకు అద్దేది. అలా పదహారు రోజులు. పదో రోజున బకెట్ పక్కన ఒక ముక్కాలిపీట కనిపించింది. కూర్చుంది. లోపల చెల్లెలు దగ్గడం, గిన్నెలు సర్దడం వినిపిస్తూనే ఉండేవి. రెండుసార్లు తలుపు కొట్టబోయి చెయ్యి దించేసుకుంది.

అన్ని కుండీల్లోనూ నిలిచింది ఒకే ఒక్క కాయ. అది ఎండేదాకా పలుచని గుడ్డసంచి కట్టి కాపలా కాసింది. విప్పితే ఆవాలంత గింజలు, నాలుగు. అన్నీ ఒకేచోట ఉంచొద్దని మేడమ్ చెప్పింది. పొట్లం కట్టుకుని కత్తెరమ్మ మళ్ళీ ఆ మెట్లెక్కింది. ఈసారి తలుపు కొట్టింది.

"బాగున్నావా?" అంది, చెల్లెలు కనిపించగానే.

చెల్లెలు పొట్లం వైపు చూసి, "ఎన్ని?" అంది.

"నాలుగు."

"రెండు నాకివ్వు. అన్నీ నీ దగ్గరే ఉంటే, మళ్ళీ ఏదో నచ్చలేదని పీకేస్తావు."

ఇంకెవరైనా ఆ మాట అనుంటే కత్తెరమ్మ కడిగి పారేసేది. పొట్లం విప్పి చెల్లెలి అరచేతిలో రెండు గింజలు వేసింది. ఒక్క క్షణం ఆగి మూడోదీ వేసింది.

"పూశాక కబురు పెట్టు. ఏ రంగైనా సరే."

చెల్లెలు గుప్పిట మూసుకుంది. లోపలికి రమ్మనలేదు. కత్తెరమ్మ ఒక్కొక్క మెట్టే నెమ్మదిగా దిగింది, వెనకనుంచి పిలుస్తుందేమోనని.