చెయ్యి బాగానే ఉందన్నవాడు

ఎనభైల మొదట్లో, అమెరికాలో డేటన్ నుంచి కొలంబస్ వెళ్ళే బస్సులో, నా పక్కసీటాయన తన బ్యాగ్ పైన పెట్టమని అడిగాడు. అంత పొడుగు మనిషికి కుడిచెయ్యి భుజం దాటి లేవదట. కాలేజీ బేస్‌బాల్ టీమ్‌లో బంతి విసిరే పిచర్‌గా ఆడి, అక్కడే కోచ్ అయ్యాడు.

నేను ఎముకల డాక్టర్నని చెప్పగానే, "భుజంలో కండరం తెగితే పంతొమ్మిదేళ్ళవాడు మళ్ళీ విసరగలడా?" అన్నాడు.

"కష్టమే. ఎవరికి?"

"నా పిచర్‌కి. మొన్న ఆట మధ్యలో చెయ్యెలా ఉందని అడిగాను. బాగానే ఉంది కోచ్ అన్నాడు. ఇంకా విసరమన్నాను."

"అతనే చెప్పాడుగా, మీ తప్పేముంది?"

"మా కోచ్ అడిగినప్పుడు నేనూ అదే చెప్పాను. అప్పటికే నా చెయ్యి సరిగ్గా లేవట్లేదు. వీడిదీ అబద్ధమేనని నాకు తెలుసు. గెలుస్తున్నాం కదా అని నమ్మాను."

మళ్ళీ తనే, "ఇప్పుడు వాడున్న హాస్పిటల్‌కే వెళ్తున్నాను. వాళ్ళమ్మానాన్నా అక్కడే ఉన్నారు. వాళ్ళకేం చెప్పమంటారు?" అన్నాడు. ఊరొచ్చేలోపు ఇంకోసారి అడిగాడు. నేను బ్యాగ్ దించి ఇచ్చాను, అంతే.

తర్వాత ముప్పై ఏళ్ళు ప్రాక్టీస్ చేశాను. బాగానే ఉంది డాక్టర్ అన్న ప్రతి పేషెంట్‌నీ, చెయ్యెత్తి చూపించమన్నాను.