రానియ్, రానియ్... బస్

ఒక చిన్న మాట నా గొంతులో ఇరుక్కుని ఏళ్లయింది. మింగుడు పడదు, బయటికి రాదు. పెళ్లయింది, ఊరు మారింది, ఇంటిపేరు మారింది, అది మాత్రం ఉన్నచోటనే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయగానే లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాను. పట్టపగలు. మా ఆయన ఊళ్లో లేరు. ఎవరొస్తారని?

పశ్చాత్తాపం అని ముందు రాశాను. కొట్టేశాను. నాకున్నది భయం. దొరికిపోతానేమోనని భయం. గోరంత సందు దొరికితే చాలు, అక్కడినుంచి అంతా బయటపడుతుందని భయం. పోయిన ఆదివారం ఆ సందు దొరికింది.

మా అన్న శంకర్ ఉట్నూర్‌లో జీపు నడిపేవాడు. అడవి ఊళ్లకు మనుషులను తీసుకుపోయి తీసుకొచ్చే జీపు. మల్లేశ్ బావ మా మేనమామ కొడుకు, అన్నకంటే చిన్న, నాకంటే పెద్ద. జీపులు బాగుచేసే షెడ్డులో పని. నేనప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సెలవులకు తప్ప ఇంటికి పోయేదాన్ని కాదు. మమ్మల్ని ముగ్గురినీ రోజూ ఒకచోట కూర్చోబెట్టింది ఫోన్‌లో ఆడే ఒక ట్యాంకుల ఆట.

మీరు ఆడారో లేదో. తుపాకి పట్టుకుని ఎవరికి వారే ఉరికే ఆటలు వేరు. అక్కడ చస్తే నువ్వే చస్తావు, గెలిస్తే నువ్వే గెలుస్తావు. ఇందులో ఒక ట్యాంకుకు ముగ్గురు. ఒకరు నడపాలి, ఒకరు పేల్చాలి, ఒకరు పైమూత తెరిచి తల బయటపెట్టి చుట్టూ చూడాలి. నడిపేవాడికి ఎదురుగా సన్నటి సందు తప్ప ఏమీ కనపడదు. పేల్చేవాడికి గొట్టం ఎటు తిరిగితే అటే లోకం. చూసేవాళ్లకు అంతా కనపడుతుంది కానీ చేతిలో ఏమీ ఉండదు, నోటిమాట తప్ప. ముగ్గురికీ కలిపి ఒకటే ఒళ్లు. అవతలి గుండు వచ్చి రేకుకు ఖంగుమని తగిలి జారిపోతే, ఉట్నూర్‌లో ఇద్దరూ కరీంనగర్‌లో ఒకరూ ఒకేసారి ఊపిరి బిగబట్టి ఒకేసారి నవ్వేవాళ్లం. ఆ నవ్వు కోసమే ఆడేవాళ్లమేమో. ఒక్కదాన్నే ఏ ఆట ఆడినా నాకు అటువంటి నవ్వు రాలేదు.

నాది చూసే పని. మా ఇంట్లో నా మాటకు అంత విలువ ఉండేది కాదు; చిన్నదాన్ని, ఏదైనా అనబోతే 'నువ్వూకో' అనేవాళ్లు. ట్యాంకులో మాత్రం నేను కుడికి అంటే కొండంత ఇనుము కుడికి తిరిగేది. ఆ రుచి నాకు బాగా ఎక్కింది. ఇప్పుడు ఆలోచిస్తే, అన్న మీద ప్రేమతో ఆడానా, అన్న నా మాట వింటున్నాడన్న మత్తుతో ఆడానా? రెండోదే ఎక్కువని రాయడానికి సిగ్గుగా ఉంది.

ట్యాంకుకు ముందువైపు రేకు మందం, వెనకవైపు పలచన. అందుకని తప్పుకోవాలంటే తిరిగి పారిపోకూడదు. ముఖం శత్రువు వైపే ఉంచి, వెనక్కి వెనక్కి వచ్చి గోడ చాటుకు చేరాలి. నడిపేవాడికేమో వెనక ఏముందో తెలియదు. అప్పుడు అన్న జీపు అడ్డా మాటలు తెచ్చాడు. అడ్డాలో జీపు వెనక్కి తీసేటప్పుడు ఒకడు వెనక నిలబడి 'రానియ్, రానియ్' అంటుంటాడు, చాలనుకుంటే 'బస్' అంటాడు. అలాగే నేను కరీంనగర్ మంచం మీద కూర్చుని 'రానియ్, రానియ్' అనేదాన్ని. ఉట్నూర్‌లో అన్న వేలు కదిలేది.

"పిల్లా, స్టీరింగ్ శంకర్ బావ చేతుల లేదు, నీ నోట్ల ఉన్నది" అని మల్లేశ్ బావ ఆటపట్టించేవాడు.

అడ్డాలో ఒక పద్ధతి ఉంది. వెనక ఉన్నవాడి గొంతు ఆగితే డ్రైవరు తనంతట తానే ఆపేస్తాడు. మా ఆటలో అది కుదరలేదు. ఉట్నూర్‌లో నెట్ సరిగా ఉండదు, నా గొంతు మాటిమాటికీ తెగిపోయేది, అన్న ఆగిపోయేవాడు, మేం పేలిపోయేవాళ్లం. అందుకని నేనే ఒక షరతు పెట్టాను: బస్ అని వినపడేదాకా ఆగొద్దు. అన్నకు అది ఎంత నచ్చిందో! "మా చెల్లె బస్ అనేదాక నేను ఆగ" అని అడ్డాలో అందరికీ చెప్పుకున్నాడు. అంత నమ్మకం పెట్టుకోమని నేనే నేర్పాను.

ఇక అసలు సంగతి. రాసేస్తాను.

పత్తి తీసే రోజులు. నేను ఇంటికి వచ్చి ఉన్నాను. పత్తి మూటలు ఎక్కించడానికి అన్న జీపును వాకిట్లోంచి కొట్టం గోడ దగ్గరికి వెనక్కి తీస్తున్నాడు. మల్లేశ్ బావ గోడకూ జీపుకూ మధ్య నిలబడి, వెనక తలుపు గొలుసు ఇరుక్కుపోతే విప్పుతున్నాడు, అన్నకు కనపడడు. నన్ను మూల నిలబెట్టి చూడమన్నారు. నేను చూడటం లేదు. చున్నీ కింద చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయితో కలిసి మరో ట్యాంకులో ఉన్నాను. ఆ అమ్మాయి నడుపుతోంది. మా జీపు అడ్డా మాటలు ఆమెకూ నేర్పి పెట్టాను.

అన్న కేకేశాడు. "సాఫ్ ఉన్నదా చెల్లె?"

ఆ కేక నాకు వినపడింది. ఎక్కడో దూరంగా వినపడింది. జవాబు చెప్పాలని కూడా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో మా ట్యాంకు గోడ చాటుకు పోవాలి. నా నోరు "రానియ్, రానియ్" అంది. ఆ అమ్మాయితో అంది. ఆ మాట రెండు బండ్లకూ పోయింది.

బావ అరుపుకు తల ఎత్తాను. అప్పుడు నేను "బస్" అని గొంతు చించుకుని అరిచాను. చూడండి, బస్ అన్నాను. అది అబద్ధం కాదు. గోడకూ జీపుకూ మధ్య బావ చెయ్యి నలిగాక అన్నాను.

ఇయర్‌ఫోన్లో ఆ అమ్మాయి అడుగుతూనే ఉంది, ఏమిటా అరుపు అని. ఏం లేదు, నెట్ పోతోంది అని పెట్టేశాను. బావ చేతిలోంచి రక్తం కారుతుంటే నేను చేసిన మొదటి పని ఇయర్‌ఫోన్లు పీకి చున్నీ మడతలో దాచుకోవడం. ఇది ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయితో మాట్లాడటం కూడా ఆ సెలవులతోనే మానేశాను, ఆమె ఏమీ చేయలేదు పాపం.

అందరూ ఉరికొచ్చారు. అన్న దిగి వచ్చి బావ చెయ్యి చూసి తెల్లబోయాడు. మా అవ్వ నన్ను పట్టుకుని "నువ్వు చూస్తలేవా బిడ్డా?" అంది. నేను వెంటనే, ఎంత వెంటనే అంటే నాకే ఆశ్చర్యం, "నేను బస్ అన్ననే అవ్వా, అన్నకు ఇనవడలే" అన్నాను. పక్కింటివాళ్లు కూడా అవునన్నారు, పిల్ల బస్ అన్నది, మేం విన్నాం అని. వాళ్లు విన్నది నిజమే కదా. అన్న నా ముఖం వైపు చూశాడు. "నాకు రానియ్ అన్నట్టు ఇనవడ్డది చెల్లె" అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. అంతే. ఒక తల ఊపుతో మా అన్న చెవులు తీసేశాను.

బావ వేళ్లు మళ్లీ సరిగా ముడుచుకోలేదు. పానా పట్టుకోలేని మెకానిక్ షెడ్డులో ఏం చేస్తాడు? ఇప్పుడు జిరాక్సు దుకాణంలో కూర్చుంటున్నాడు. అన్న జీపు అమ్మేశాడు. ఆదిలాబాద్ పోయి చెవులు చూపించుకున్నాడు, బాగానే ఉన్నాయన్నారు. అన్న నమ్మలేదు. "డాక్టర్ పెట్టిన సప్పుడు ఇనవడ్తది చెల్లె, మనుషులు చెప్పిందే ఇనవడ్తలేదు" అని నాకు ఫోన్‌లో చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? ఇంకో డాక్టరుకు చూపించుకో అన్నాను. ఎవరా ఆ మాట అన్నది? నేనేనా? అవును, నేనే.

బట్టల దుకాణంలో కౌంటరు దగ్గర అన్న పని. బండి ముట్టడు. కూతుర్ని బడికి నడిపించుకుపోతాడు. మొన్న దసరాకు పోయినప్పుడు వెనకాల నేనూ నడిచాను. రోడ్డు దాటేముందు అన్న ఆగి, నడుమంత ఎత్తులేని ఆ పిల్లను అడిగాడు. "సాఫ్ ఉన్నదా బిడ్డా?" అది తల అటూ ఇటూ తిప్పి సాఫ్ అంది. అప్పుడు దాటారు. నేను ఇవతలే నిలబడిపోయాను. ఒకరోజు ఆ పిల్ల సరిగా చూడకపోతే? ఆ భయం నన్ను ఈ కాగితం దాకా నెట్టుకొచ్చింది.

ఆట మళ్లీ మొదలుపెడదామన్నది అన్ననే. "జీపు పాయె, గిదన్న నడుపుత" అన్నాడు. నేను కాదనలేకపోయాను. ఏ తప్పూ చేయనిదైతే ఎందుకు మానేస్తుంది అనుకుంటారేమోనని ఒప్పుకున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు ఆడుతున్నాం. అన్న నడపడం, నేను చూడటం, బావ ఎడమచేత్తో పేల్చడం. గురి ఇప్పటికీ తప్పదు. కానీ నన్ను ఆటపట్టించడం మాత్రం ఆ రోజుతోనే మానేశాడు. ఎందుకు మానేశాడు? నొప్పి వల్లనా? ఆ రోజు జీపుకు ఇవతల నాకు దగ్గరగా ఉన్నది బావే. ముందు ఏ మాట వచ్చిందో, తర్వాత ఏ మాట వచ్చిందో, ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలిసి ఇన్నేళ్లు ఊరుకుంటాడా?

పోయిన ఆదివారం. ట్యాంకు ఒక వాగు ఒడ్డున ఉంది. ఎదుటి నుంచి గుండ్లు వస్తున్నాయి. వెనక్కి పోదామన్నాను. రానియ్, రానియ్ అన్నాను. అన్న ఎప్పటిలాగే, "గట్టిగ చెప్పు చెల్లె, నా చెవులు తెల్సు గద" అన్నాడు.

అప్పుడు మల్లేశ్ బావ మెల్లగా అన్నాడు. "నీ చెవులు మంచిగనే ఉన్నయ్ బావా."

"మంచిగుంటే నీ చెయ్యి గిట్లెందుకైతుండె?" అన్నాడు అన్న నవ్వుతూ. బావ జవాబుగా ఒక గుండు పేల్చాడు, అంతే. అన్న నవ్వు ఆగిపోయింది. "చెల్లె, ఆ దినం నువ్వు బస్ అన్నవు గదా?"

ఇన్నేళ్లలో అన్న నన్ను అడగడం అదే మొదటిసారి. వెనక వాగు కనపడుతోంది. బస్ అనాలి. ట్యాంకు కోసం బస్ అంటే అన్నకు అది జవాబు అవుతుంది, మరోసారి అదే అబద్ధం అవుతుంది. నా వేలు మైకు ఆపేసింది. ట్యాంకు వెనక్కి వస్తూనే ఉంది. బస్ వినపడేదాకా ఆగొద్దని నేను పెట్టిన షరతు కదా, అన్న ఆగలేదు. ఒడ్డు దాటి వాగులో బోల్తాపడింది.

తర్వాత అన్న గొంతు వినపడింది. బావతో అంటున్నాడు. "నెట్ పోయినట్టున్నది పిల్లకు."

నెట్ పోలేదు. నెట్ ఉన్నంతసేపు ఆటలో నా పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది, ఉట్నూర్‌లో వాళ్లిద్దరికీ కనపడుతూనే ఉంటుంది. అయినా అన్న అలా అన్నాడు. ముందు తన చెవుల మీద వేసుకున్నాడు, ఇప్పుడు నెట్ మీద వేస్తున్నాడు. నా మీద మాత్రం వేయడు. తెలిసిందా అన్నకు? తెలిసీ నన్ను దాస్తున్నాడా? ఆ రోజు నుంచి ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను, మోగకపోతే ఇంకా భయపడుతున్నాను.

క్షమిస్తారా అని మిమ్మల్ని అడగను. మీ చెయ్యి కాదు నలిగింది, మీ చెవులు కాదు పోయింది. ఈ రోజు ఆదివారమే. కాసేపట్లో ఆ రెండు పచ్చ చుక్కలు వెలుగుతాయో లేదో తెలియదు. వెలిగితే ఏం మాట్లాడాలో అన్న భాషలోనే ఇక్కడ రాసుకుంటున్నాను.

అన్నా, నీ చెవులు మంచిగున్నయ్. ఆ దినం నేను ముందుగాల రానియ్ అన్న. బస్ తర్వాత అన్న.

రాసి, మూసిన తలుపు వెనక ఒకసారి పైకి చదివాను. మాట ఎక్కడా తెగలేదు. స్పష్టంగా వినపడింది.