అసుంతా నడక

అసుంతా కొలావితోకు చిన్నప్పుడు కాళ్ళు వంకరపోయే జబ్బు చేసింది. న్యూయార్కులో ఇటలీవాళ్ళుండే మల్బరీ వీధిలో, ఎండ చొరబడని గదుల్లో పెరిగే పిల్లలకు అది కొత్తేమీ కాదు. పెద్దయ్యాక కాళ్ళు నిటారయ్యాయి గానీ, ఎడమ పాదం మాత్రం ఓ లిప్తపాటు ఆలస్యంగా లేచేది. అది ఎవరికీ తెలియకుండా ఆ అడుగు దగ్గర నడుము చిన్నగా తిప్పి భుజం ఎగరేసేది. చూసేవాళ్ళు వయ్యారం అనుకునేవారు. ఆ వయ్యారంతోనే నాటకశాలలో డాన్సులు చేసి ఇల్లు నడిపింది.

తల్లి ఫిలొమేనా ఇంట్లో కూర్చుని టోపీలకు గుడ్డపూలు కుట్టేది. కూతురేం చేస్తోందని ఎవరైనా అడిగితే "టోపీల కొట్లో పని" అని మాట దాటేసేది.

మాటల సినిమాలొచ్చాక ఆ నాటకశాల కాస్తా సినిమాహాలైంది. డాన్సువాళ్ళను పొమ్మన్నారు. ఆఖరి ఆట అయ్యాక సోల్ గ్రూబర్ అనే బక్కపలచని యువకుడు తెర వెనక్కి వచ్చాడు. బొమ్మల సినిమాలకు బొమ్మలు గీయడం అతని పని.

"ఫ్లోసీ అని ఒక ఆడబొమ్మను గీస్తున్నామండీ. మొహం కుదిరింది, నడకే కుదరలేదు. రోకలికి గౌను తొడిగినట్టుంది. మీరొచ్చి డాన్సు చేస్తే చూసి గీసుకుంటాం. డబ్బులిస్తాం" అన్నాడు.

ఇంట్లో ఈ మాట చెప్పగానే ఫిలొమేనా సూది పక్కన పెట్టింది. "పొద్దస్తమానం పూలు కుట్టేదాన్ని, నా చెవిలోనే పువ్వు పెడతాడా వాడు? పద, నేనూ వస్తా."

వచ్చింది కూడా. స్టూడియోలో కుర్చీ లాక్కుని, పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని, గీసేవాళ్ళందరినీ దొంగల్ని చూసినట్టు చూస్తూ కూర్చుంది. అసుంతా డాన్సు చేసింది. సోల్ గీశాడు. కాగితాలు తిరగేసి చూసిన యజమాని పెదవి విరిచాడు.

"ఆ ఎడమకాలి ఈడ్పేంటి? తీసెయ్. కుంటిబొమ్మను ఎవడు చూస్తాడయ్యా?"

అసుంతా మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళూ దాచుకున్నది అందరి ముందూ బయటపడింది.

సోల్ కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. "అది తీసేస్తే మళ్ళీ రోకలే మిగులుతుంది సార్. ఆ కాలు కాస్త ఆగుతుంది చూశారా, బొమ్మకు ప్రాణం వచ్చేది అక్కడే."

"సినిమా ఆడకపోతే నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనివ్వండి."

ఊడలేదు. ఫ్లోసీ ఆ నడకతోనే ఊళ్ళన్నీ తిరిగింది. అసుంతాను పదేపదే పిలిపించారు. కానీ మరుసటి చలికాలం మంచు పేరుకున్న మెట్ల మీద జారి పడి ఆమె తుంటి విరిగింది. చేతికర్ర లేనిదే నడవలేదని, డాన్సు మాటే మరిచిపోవాలని డాక్టరు చెప్పాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

సోల్ నారింజపళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. "మా దగ్గర కూర్చుని చేసే పని ఒకటుంది. మేం గీసినదాన్ని పారదర్శకమైన రేకుల మీద సిరాతో దిద్దాలి."

"నాకు బొమ్మలు గీయడం రాదు."

"దిద్దడానికి చెయ్యి వణక్కుండా ఉంటే చాలు. మీ అమ్మతో పాటు పూరేకులు కుట్టే చెయ్యేగా?"

అసుంతా ఆ పనిలో చేరింది. దిద్దే గది స్టూడియో నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు పాడైన రోజుల్లో తోటి అమ్మాయిలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళేవారు. "రాణీగారొస్తున్నారు, తప్పుకోండి!" అని ఒకరరిస్తే, "రాత్రి మీ అమ్మ ఎంత మకరోనీ పెట్టిందే, మా నడుములు విరుగుతున్నాయి!" అని ఇంకొకరు. నవ్వీ నవ్వీ అసుంతాకు కళ్ళనీళ్ళొచ్చేవి. ఇంతమంది తనకోసం వంగుతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తను దిద్దిన బొమ్మ తెరకెక్కాక, ఒక ఆదివారం తల్లిని బలవంతాన సినిమాకు తీసుకెళ్ళింది. ఫ్లోసీ ఊపుగా నడుచుకుంటూ వచ్చింది. ఎడమకాలు కాస్త ఆగింది, నడుము తిరిగింది, భుజం ఎగిరింది. ఫిలొమేనా దిగ్గున లేచి నిలబడింది.

"ఒసే అసుంతా! అది నీ కాలేనే!"

"కూర్చోవే ముసల్దానా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నువ్వే కూర్చోరా! డాన్సు చేస్తోంది నా కూతురు!"

హాలంతా ఘొల్లుమంది. ఫిలొమేనా కూలబడి కూతురి చెయ్యి పట్టుకుంది. "నీ కాలు చూసినప్పుడల్లా మేరీమాతను తిట్టుకునేదాన్నే. ఎంత పాపిష్టిదాన్ని!" అని, సినిమా అయిపోయే దాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ వారమే అసుంతా అత్తిపళ్ళు కూరిన బిస్కెట్లు చేసి సోల్ ఇంటికి పట్టుకెళ్ళింది. తలుపు తీసింది అతని తల్లి. యూదుల ఇల్లు, పందిమాంసం ముట్టరు.

"పందికొవ్వు వేశావా, అమ్మాయ్?"

అసుంతా నాలుక్కరుచుకుంది. లోపల్నుంచి సోల్ సిగ్గుపడుతూ, "ఇవన్నీ ఎందుకండీ? నేను కంటికి కనబడింది గీశానంతే" అన్నాడు.

"నేను దాచుకున్నదాన్ని మీరు అందంగా చూశారు. ఆ మాట చెప్పడానికే వచ్చాను" అంది అసుంతా.

మరుసటి ఆదివారం పందికొవ్వు తగలని కొత్త గిన్నె కొని, నూనెతో చేసి మళ్ళీ తెచ్చింది. పెద్దావిడ ఒకటి కొరికి, "కాస్త గట్టిగా ఉన్నాయి" అంటూనే రెండోదాని కోసం చెయ్యి చాపింది.